ఆడి పద్దెనిమిదిన పోయిన బండి

మా ఇంటాయన పోతూ పోతూ నాకు మిగిల్చింది ఒక పాత మొపెడ్. ఇల్లు అద్దెది. పొలం ఆయన తండ్రి కాలంలోనే చేతులు మారింది. బండి ఒక్కటే సొంతం, దాని బుక్కులో ఆయన పేరే ఉంది. ఆయన పోయి మూడేళ్ళయినా నేను ఆ పేరు మార్పించలేదు. కూతురు చెప్పింది. ఇన్సూరెన్సు కట్టించే మనిషి చెప్పాడు. సరే సరే అన్నాను, చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. రేషన్ కార్డులో ఆయన పేరు కొట్టేశారు. ఓటర్ల జాబితాలోంచి తీసేశారు. ఇంక బండి బుక్కులోనే ఆయన మిగిలాడు. ఏడాదికోసారి ఇన్సూరెన్సు కాగితం ఆయన పేరు మీద వచ్చేది. దాన్ని మడిచి, బుక్కుతో పాటు బండి పక్కపెట్టెలో పెట్టి తాళం వేసేదాన్ని. ఆ తాళం తిప్పేటప్పుడు మనసుకు కాస్త నెమ్మదిగా ఉండేది. అంతే, వేరే కారణం లేదు.

కోవిల్‌పట్టిలో శనక్కాయ మిఠాయి చేసేవాళ్ళు వీధికి ఇద్దరుంటారు. ఆయన మొదట ఒక చోట బెల్లంపాకం పట్టే పనిలో ఉండేవాడు. పాకం చిమ్మి ముంజేయి రెండుసార్లు కాలింది. ఆ పని మానేసి, ఆ మిఠాయే అట్టపెట్టెల్లో కట్టుకుని హార్బరు ఊరికి తీసుకుపోయి టీ కొట్లకు వేసే పని పెట్టుకున్నాడు. వారానికి రెండు తడవలు. ఎట్టయాపురం మీదుగా, నల్లరేగడి చేల మధ్యన, బండి మీద రెండు గంటల పైన దారి. సముద్రం గాలి తగలగానే మిఠాయి మెత్తబడుతుందని పెట్టెలకు రెండు వరసల ప్లాస్టిక్ కాగితం చుట్టేవాడు. ఒకనాడు పొద్దున బండి తుడుస్తూ తుడుస్తూ దాని పక్కనే కూలబడ్డాడు. చేతిలో గుడ్డ అలాగే ఉంది.

కొట్లవాళ్ళు ఫోన్లు చేశారు, సరుకు ఎప్పుడొస్తుందని. నేనే వస్తానన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు. సైకిలు కూడా తొక్కి ఎరగను. కూతురు స్పిన్నింగు మిల్లు నుంచి వచ్చాక నన్ను ఊరి బయట ఎండిన చెరువు నేలకు తీసుకుపోయి, వెనక పట్టుకుని పరుగెత్తేది. మోకాళ్ళు, మోచేతులు అన్నీ చీరుకుపోయాయి. లైసెన్సుకు ఎనిమిది అంకె ఆకారంలో బండి నడపమంటారు కదా, మూడో తడవకు కాలు కింద పెట్టకుండా నడిపాను. ఈ అరవదేశంలో తెలుగు మాకు నోటి భాష, రాయడం చదవడం లేదు. ఇది కూడా నేను చెప్తుంటే ఒక అమ్మాయి రాసిపెడుతోంది. అరవంలో సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను. అంకెలు మాత్రం నాకు గట్టిగా వచ్చు. ఈ కథలో నన్ను ముంచింది ఆ అంకెలే.

హార్బరు ఊళ్ళో ముందు బండి ఎక్కడ ఆపినా అడిగేవాళ్ళు లేరు. కొట్టు ముందర స్టాండు వేసి, ఒక పెట్టె లోపల ఇచ్చి, ఖాళీ పెట్టెలు తెచ్చుకుని, పక్క కొట్టుకు పోవడమే. పెద్ద బజారులో ఉప్పు లారీలు, చేపల ఆటోలు, కోవెలకు పొయ్యేవాళ్ళు, చర్చికి పొయ్యేవాళ్ళు, అందరి బండ్లూ రెండు వరసలు మూడు వరసలు. నడవడానికి దారి ఉండేది కాదు, అది నిజమే. నేను కూడా తిట్టుకునేదాన్ని. ఈ ఏడు అరవ నెల ఆడి మొదలవుతుండగా అంతా మారింది. రోడ్డు పక్కన తెల్ల గీతలు గీశారు, కంబాలకు బోర్డులు కట్టారు, కొక్కెం ఉన్న లారీ ఒకటి బజారంతా తిరగడం మొదలుపెట్టింది. మైకులో ఒకాయన చెప్తూ ఉంటాడు, వెనక ఇద్దరు దిగి గీత దాటిన బండిని ఎత్తి లారీ మీద పడేస్తారు. గొర్రెను ఎత్తినట్టు ఎత్తుతారు.

ఆ బజారులో నేను మొదట సరుకు వేసే టీ కొట్టు ఆయన విళాత్తికుళం వైపువాడు, ఇంట్లో మన తెలుగే. అందుకని నన్ను అక్కా అంటాడు. బోర్డు మీద ఏం రాసిందో ఆయనే చెప్పాడు.

"అక్కా, ఇంగ యాడబడితే ఆడ నిలపొద్దు. ఒంటి తేదీకి మా కొట్టు పక్క. జంట తేదీకి ఎదురు పక్క. తప్పితే లారీ ఎత్తకపోతాది, నన్ను అడగొద్దు."

ఇంతేనా అనుకున్నాను. ఒంటి, జంట, అంటే బేసి, సరి. ఇంట్లో గోడ మీద క్యాలెండరు కాగితం పొద్దున లేస్తూనే చింపేది నేనే. అందులో పెద్ద అంకె ఒకటి, దాని కింద చిన్నగా అరవ నెల తేదీ ఒకటి ఉంటాయి. నేను ఎప్పుడూ చూసేది చిన్నదాన్నే. మా ఇంట్లో ఏ లెక్కయినా దానితోనే. ఆయన పోయింది మాసి ఏడున. కూతురు పుట్టింది పురటాసి ఇరవైరెండున. పెద్ద అంకె జీతాలు తీసుకునేవాళ్ళకు అనుకునేదాన్ని. పొద్దున ఆ చిన్న అంకె చూసి, దారి పొడుగునా మనసులో పట్టుకుని, బజారుకు వచ్చి ఆ ప్రకారం ఆపేదాన్ని.

ఆడి మొదటి పక్షమంతా ఒక్కసారి కూడా తప్పు జరగలేదు. లారీ నా బండి పక్కగా పోయేది, ఆగేది కాదు. నాకు గర్వం కూడా వచ్చింది. బిస్కత్తులు వేసే ఒకాయన బండిని నా కళ్ళ ముందే ఎత్తుకుపోయారు. చొక్కా ఇస్త్రీ చేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని తిరిగే మనిషి. చదువుకున్నవాడికి తేదీ తెలియదా అని నేను పైకే అన్నాను. టీ కొట్టు ఆయన నవ్వాడు. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది.

ఆడి పద్దెనిమిది మా వైపు పండగ. పెళ్ళయిన ఆడవాళ్ళు తాళిదారం మార్చుకునే రోజు. తెల్లవారకముందే మా వీధిలో పసుపు వాసన. నాకు ఆ పని లేదు కాబట్టి పెట్టెలు కట్టుకుని బయలుదేరాను. పండగ రోజు టీ కొట్లలో సరుకు బాగా పోతుంది. పద్దెనిమిది జంట, ఎదురు పక్క ఆపాలి. బజారుకు చేరేసరికి ఎదురు పక్కన గీత లోపల ఒక్క బండి లేదు. అంత ఖాళీ ఎందుకుందో అనుకోలేదు. అందరూ సముద్రానికి పోయుంటారనుకుని, హాయిగా నడుమ చోటు చూసి స్టాండు వేశాను. రెండు పెట్టెలు ఎత్తుకుని రోడ్డు దాటి టీ కొట్టులోకి పోయాను. పనిలో పనిగా ఒక టీ తాగాను. బయటికి వచ్చి చూస్తే బండి లేదు. అది ఆపిన చోట రోడ్డు మీద సుద్దముక్కతో ఏదో రాసి ఉంది. అంకెలైతే చదివేదాన్ని. అవి అక్షరాలు.

టీ కొట్టు ఆయన వచ్చి చదివి, బండ్లు పెట్టే మైదానం పేరు చెప్పాడు. తర్వాత నా వైపు వింతగా చూశాడు.

"ఈ పొద్దు ఏం తేదీ అనుకుంటివక్కా?"

"పద్దెనిమిది."

"మూడు కదక్కా. ఒంటి తేదీ."

"ఆడి పద్దెనిమిది కాదా? ఊరంతా పండగ చేస్తా ఉండారే."

"పోలీసోళ్ళకి ఆడి ఏంది, ఆవణి ఏంది. వాళ్ళది ఇంగిలీసు తేదీ."

ఆయనే నా ఫోనులో క్యాలెండరు తీసి చూపించాడు. పెద్ద అంకె నెల మారేదాకా, రెండు లెక్కలూ ఒంటికి ఒంటి, జంటకు జంట పక్కపక్కనే నడిచాయి. ఆ నెల ముప్పైయొకటితో ముగిసి మళ్ళీ ఒకటి మొదలయ్యేసరికి, మా పదహారు వాళ్ళకు ఒకటి అయి కూర్చుంది. అక్కడి నుంచి అన్నీ తలకిందులు. ఇన్నాళ్ళూ నేను సరిగ్గా ఆపింది తెలిసి కాదు, తెలియక.

ఆటో ఎక్కి మైదానానికి పోయాను. ఊరి చివర కంచె వేసిన చోటు. లోపల ఎండలో వరసలు వరసలు బండ్లు. నాది కంచె దగ్గరే ఉంది, వెనక క్యారియరు మీద నాలుగు పెట్టెలు కట్టినవి కట్టినట్టే. ఇంకా కాసేపుంటే పాకం కారుతుంది. గేటు పక్కన రేకుల షెడ్డులో కంప్యూటరు ముందు ఒక ఆడ కానిస్టేబులు కూర్చుని ఉంది. నా కూతురి వయసు ఉంటుంది. తలలో పండగ పూలు పెట్టుకుంది. నా ముందు నలుగురు, వెనక ముగ్గురు మగవాళ్ళు. నా వంతు వచ్చాక బండి నంబరు చెప్పాను. జరిమానా కడతానన్నాను. ఆమె కంప్యూటరులో కొట్టి, తల ఎత్తకుండానే అరవంలో అడిగింది.

"ఓనరు పేరు?"

మా ఇంటాయన బండి అన్నాను.

"ఇంటాయనకి పేరుంటుంది కదమ్మా. అది చెప్పండి."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆయన నాకు మేనమామ, మా అమ్మకు చిన్న తమ్ముడు. నాకు మాట వచ్చిన రోజు నుంచీ ఆయన మామే. పెళ్ళయిన తర్వాత కూడా మామే. మొగుడి పేరు ఆడది నోటితో అంటే ఆయన ఆయుస్సు తరుగుతుందని మా అమ్మ చెప్పింది, వాళ్ళమ్మ ఆమెకు చెప్పింది. నేను ఆ పేరు ఎప్పుడూ పలకలేదు. పలకాల్సిన చోట కూతురు పలికేది. ఆస్పత్రిలో, బ్యాంకులో, చివరికి శ్మశానంలో రసీదు రాసేవాడు అడిగినప్పుడు కూడా కూతురే చెప్పింది. ఇది రాసిపెట్టే అమ్మాయి కూడా అడిగింది, పేరేమిటని. చెప్పలేదు.

బుక్కులో ఉంది చూసుకోమన్నాను. బుక్కు ఎక్కడుందని అడిగింది. బండి పక్కపెట్టెలో, లైసెన్సు కూడా అందులోనే. అయితే నన్ను లోపలికి పంపమన్నాను. పేరు సరిపోతేనే లోపలికి పంపేది అంది. పోయిన వారం ఎవడో నంబరు చూసి వచ్చి వేరేవాడి బండి తోలుకుపోయాడట. అందుకని ఈ ఏర్పాటు. ఆమె తప్పు ఏమీ లేదు, నిజం చెప్పాలంటే.

కూతురికి ఫోను చేశాను. మిల్లులో షిఫ్టుకు లోపలికి పొయ్యేటప్పుడు ఫోన్లు గేటులో ఇచ్చిపోవాలి. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. ఇంటికి ఫోను చేద్దామంటే, ఇంక ఇంట్లో ఉండేది నేనే.

మా ఆడవాళ్ళు పేరు చెప్పాల్సి వస్తే గుర్తు చెప్తారు. నేనూ అదే చేశాను. కొండ మీద ఉండే సామి పేరు తల్లీ అన్నాను. ఆ అమ్మాయికి కొంచెం నవ్వు వచ్చింది. ఈ దేశంలో కొండకొక సామి ఉన్నాడు, ఏ కొండ అంది. నా వెనక ఉన్న మగవాళ్ళకు అది ఆట అయిపోయింది. ఒకాయన ఆరుముగమా అన్నాడు. ఇంకొకాయన వేలుసామా, దండపాణా అన్నాడు. కాదు, కాదు అని తల ఊపుతూ నిలబడ్డాను. వేలం పాటలో నిలబెట్టిన గొడ్డులా ఉన్నాను. దగ్గరగా వచ్చిన పేరు ఒకటి విని ఆగాను. దానికి చివర ఇంకో ముక్క ఉంది, దాన్ని ఎవరూ అనలేదు.

కానిస్టేబులు ఇంక నవ్వలేదు. ఆమె వెనక గడియారం ఉంది, నా వెనక వరస పెరిగింది.

"ఇంటాయన్నే రమ్మనండమ్మా, లేకపోతే ఫోనులోనైనా చెప్పమనండి."

ఆయన పోయి మూడేళ్ళయిందన్నాను.

ఆమె అప్పుడు నా మెడ వైపు చూసింది, నుదుటి వైపు చూసింది. గొంతు తగ్గించింది.

"పోయినాయనకు ఇంక తరగడానికి ఆయుస్సెక్కడిదమ్మా? చెప్పండి, పరవాలేదు."

  మూడేళ్ళుగా నాకు నేను వేసుకోని ప్రశ్న అది. ఆయన లేనప్పుడు నేను ఎవరిని కాపాడుతున్నాను?  పెట్టెలు ఎండలో ఉన్నాయి. నేను షెడ్డు గోడ వైపు తిరిగి చెప్పాను. వినబడలేదు, గట్టిగా చెప్పమంది. ఈసారి ఆమె వైపు తిరిగి చెప్పాను. నా నోటి నుంచి వచ్చిన ఆ పేరు ఎవరో పరాయి మగవాడిదిలా ఉంది. యాభై ఏళ్ళు దాటిన మనిషిని. బల్ల పట్టుకున్నాను.

ఆమె కంప్యూటరు చూసి సరిపోయింది అంది. ఆ ఒక్క మాటకు బండి నా చేతికి వచ్చేసిందనే అనుకున్నాను. కొంగుముడి విప్పి జరిమానాకు నోట్లు తీస్తున్నాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండమ్మా. ఓనరు లేరు కదా, బండి ఎవరికి ఇవ్వాలి?"

"నాకే తల్లీ. నేను ఆయన పెళ్ళాన్ని."

"నాకు తెలుస్తోంది. కంప్యూటరుకు తెలియదు."

పోయిన మనిషి పేరు మీద ఉన్న బండిని వేరేవాళ్ళ చేతికి ఇవ్వకూడదట. మరణ పత్రం కావాలి, వారసుల పత్రం కావాలి, ఆ రెండూ తీసుకుపోయి బుక్కులో పేరు నా మీదికి మార్పించుకోవాలి, అప్పుడు రావాలి. మూడేళ్ళుగా ఎందుకు మార్పించలేదని అడిగింది. మనసుకు నెమ్మదిగా ఉండేదని ఆమెకు ఎలా చెప్పను? తెలియలేదన్నాను. జరిమానా కూడా తీసుకోలేదు. తీసుకుంటే బండి ఇచ్చినట్టు లెక్కట.

ఆ పేరు నా నోట రానంతవరకు ఏదో ఒక అడ్డం ఉందనుకున్నాను. అది తీస్తే దారి వస్తుందనుకున్నాను. అడ్డం నేను తీశాను. దారి లేదు.

పెట్టెలు మాత్రం తీసుకుపోనిచ్చింది. తానే వచ్చి తాడు విప్పింది, పక్కపెట్టె తెరిచి లైసెన్సు తీసుకోమంది. బుక్కు అక్కడే ఉండాలంది. మిఠాయి అడుగు వరస మెత్తబడింది. ఆమెకు ఒక పొట్లం ఇవ్వబోయాను. డ్యూటీలో తీసుకోకూడదంది, నా చెయ్యి పట్టుకుని వెనక్కి పెట్టింది. చల్లటి చెయ్యి.

బస్సులో వస్తుంటే కూతురు ఫోను చేసింది. జరిగింది చెప్పాను. బండి గురించి ఏమీ అనలేదు ముందు.

"నువ్వే చెప్తివా అమ్మా? నాయిన పేరు?"

చెప్పినానన్నాను.  తర్వాత, బుక్కు మార్చుకోమని నేను ఎన్ని తడవలు చెప్పినాను అని మొదలుపెట్టింది. తిట్టనిచ్చాను.

వారసుల పత్రానికి ఆడి తర్వాతి నెల ఆవణిలో అర్జీ పెట్టాము. విచారణకు మనిషి వస్తాడన్నారు. ఆయన పుట్టింది నాగలాపురంలో, పోయింది ఇక్కడ. అక్కడ కూడా విచారించాలన్నారు. తాలూకా ఆఫీసులో బల్లల ముందు నాకు చెప్పేవాళ్ళు అందరూ మంచిగానే చెప్పారు. అర్జీ ఉంది, పోలేదు, వరసలో ఉంది. ప్రతి బల్ల దగ్గరా పేరు అడిగేవాళ్ళు. నేను చెప్పేదాన్ని. ఇప్పుడు గోడ వైపు తిరగడం లేదు. ఎన్నిసార్లు చెప్తే అన్నిసార్లు అది నాకు మరింత దూరంగా పోతోంది. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాట వచ్చి నాలుక మీద కూర్చుంటుంది, ఎవరూ అడగకపోయినా.

ఇప్పుడు నేను సరుకు బస్సులో తీసుకుపోతున్నాను. రెండు పెట్టెలకు మించి కండక్టరు ఎక్కనివ్వడు. నడిచి వేస్తాను కాబట్టి దూరపు కొట్లు వదిలేశాను. అవి వేరేవాళ్ళ చేతికి పోయాయి. బజారు ఇప్పుడు బాగుంది. పిల్లలను పట్టుకుని ఆడవాళ్ళు గీత పక్కన నిదానంగా నడుస్తున్నారు. నేను కూడా అలాగే నడుస్తున్నాను. ఎవరిని తిట్టాలో తెలియదు. పోయినప్పుడల్లా మైదానం కంచె దగ్గరికి పోయి చూస్తాను. వెనక టైరు గాలి పోయింది. సీటు మీద ఆయన కట్టిన రబ్బరు ట్యూబు ముక్క ఎండకు పగిలింది. ఐప్పసి వానలకు చక్రాల దగ్గర గడ్డి మొలిచింది.

కార్తికలో ఒకనాడు నేను వాకిట్లో ఉండగా పోస్టుమాన్ సైకిలు ఆపి, కవరు చూసి, గట్టిగా ఆయన పేరు పిలిచాడు. కొత్త మనిషి, ఎరగడు. ఆ పేరు పెట్టి మా వాకిట్లో ఎవరైనా పిలిచి మూడేళ్ళు దాటింది. నా మెడ దానంతట అది లోపలికి తిరిగింది, పలుకుతాడేమోనని. పలకలేదు. రిజిస్టరు ఉత్తరం, సంతకం పెట్టాలన్నాడు. ఆయన లేడన్నాను. మీరు ఎవరు అన్నాడు. భార్యనన్నాను. అయితే పెట్టండన్నాడు. ఆ కాగితం మీద నా సంతకం చెల్లింది.

ఉత్తరం కూతురు చదివింది. ఫలానా తేదీ లోపల ఓనరు వచ్చి బండి విడిపించుకోవాలి, లేకపోతే వేలం వేస్తారు. రాసింది ఆయనకు. అయ్యా అని మర్యాదగా మొదలుపెట్టారు.

ఉత్తరం పట్టుకుని మైదానంలో ఆ కానిస్టేబులు అమ్మాయి దగ్గరికి పోయాను. నన్ను చూడగానే గుర్తుపట్టింది, కూర్చోమని ప్లాస్టిక్ కుర్చీ లాగింది. అర్జీ రసీదు చూసి, దాని నంబరు ఒక రిజిస్టరులో రాసుకుంది. పై వాళ్ళకు చెప్తానంది. ఆపుతారా అని అడిగాను. చెప్తానమ్మా అంది. ఆపుతారని మాత్రం అనలేదు. నేను లేచి, మళ్ళీ వెనక్కి వచ్చి అడిగాను.

"ఈ తేదీ ఇంగిలీసుదా తల్లీ, మాదా?"

"ఇంగ్లీషుదే అమ్మా."

ఇంటికి వచ్చి క్యాలెండరు దగ్గర నిలబడ్డాను. ఈసారి పెద్ద అంకె చూసి కాగితాలు ఒక్కొక్కటీ ఎత్తుతూ పోయి, ఆ తేదీ కాగితం అంచు మడిచిపెట్టాను. తాలూకా ఆఫీసు నుంచి ఇంకా ఎవరూ రాలేదు. ఆ మడతదాకా ఉన్న కాగితాలన్నీ వేళ్ళ మధ్య పట్టుకుని చూశాను. అన్నీ కలిపినా గోరంత మందం కూడా లేవు.